అణువుకి దండం పెట్టలా, కొలిచి చూశాడు

కొవ్వాడ పేరు పేపర్లో వచ్చిన ప్రతిసారీ మా జి.కొండూరు సెంటర్లో రెండు రకాల మాటలు వినపడతయ్. అణు కరెంటు వస్తే పొగ ఉండదు, కోతలుండవు, రాష్ట్రం ఎక్కడికో పోద్దని ఒక రకం. అది బాంబుతో సమానం, పేలిందంటే మూడు జిల్లాలు మాడిపోతయ్యని ఇంకో రకం. రెండూ ఎవరో చెప్తే విన్న మాటలే, లెక్క చూసి చెప్పినవి కావు. మధ్యలో ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుద్ది. మన తెలుగు స్వామి ఒకాయన హిమాలయాల్లో తపస్సు చేసి, వేదాల్లోంచి అణు రహస్యం బయటికి లాగి, తెల్లోళ్ళకు నేర్పాడని. కింద గడ్డం, కాషాయం ఉన్న ఫోటో ఒకటి.

ఆ స్వామి నిజంగానే ఉన్నాడండీ. పేరు స్వామి జ్ఞానానంద. ఆంధ్రా యూనివర్సిటీలో అణు భౌతికశాస్త్ర ప్రయోగశాలలకు ఈరోజుకీ ఆయన పేరే. ఆయన కథ మాత్రం ఆ మెసేజ్‌కి పూర్తిగా తిరగబడి ఉంటది. తెల్లోళ్ళకు నేర్పలా, వాళ్ళ దగ్గర కూచుని నేర్చుకున్నాడు. అదీ ముప్పై ఏళ్ళు దాటినాక. నేను పదో తరగతితో ఆగినోణ్ణి. ఫిజిక్స్ నాకు బళ్ళో ఎవరూ చెప్పలా, లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని ఒక్కో పేజీ నాలుగేసి సార్లు చదివి ఒంటబట్టించుకున్నా. అందుకే స్వాములంటే ఆమడ దూరం ఉండే నాకు ఈ ఒక్క స్వామి మీద మాత్రం ఇష్టం.

1896 డిసెంబర్ 5న భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టాడు. ఇంట్లో పెట్టిన పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. సరిగ్గా అదే ఏడాది పారిస్‌లో హెన్రీ బెకెరెల్ అనే ఆయన, యురేనియం ఉప్పు ఎండ తగలకపోయినా, చీకట్లో పెట్టినా తనంతట తనే కిరణాలు విడుస్తదని కనిపెట్టాడు. రేడియేషన్ కథ, మన రాజుగారి కథ ఒకే ఏడు మొదలైనయ్ అన్నమాట. అయితే ఆ రెండూ కలుసుకోటానికి ఇంకా ముప్పై ఏళ్ళ పైన పట్టింది.

చదువు నరసాపురం టేలర్ హైస్కూల్లో. చేలు, చెరువులు, ఇంట్లో పురాణాలు. ఈ పిల్లోడికి ముందు పట్టుకుంది మతం. వయసులో ఉండగానే ఇల్లు వదిలి ఉత్తరాదికి పోయాడు. కాశీ, అయోధ్య, ఆపైన హిమాలయాలు. పదేళ్ళు యోగసాధనలో ఉన్నాడంటారు. ఆ పదేళ్ళ గురించి భక్తులు రాసుకున్నది చాలా ఉంది, నేను దాంట్లోకి పోను. నాకు ఆసక్తి పుట్టేది ఆ తర్వాత సంగతి దగ్గర. కొండల్లోంచి కిందికి దిగినాక ఈ మనిషి ఆశ్రమం కట్టలా. తన ఆలోచనలు పూర్ణసూత్రాలనే పేరుతో రాసుకున్నాడు, వాటిని అచ్చేయించాలని 1920ల చివర్లో జర్మనీ పోయాడు. 

పోయింది పుస్తకం అచ్చుకి. చిక్కుకుంది ఫిజిక్స్‌లో. అప్పటి జర్మనీ అంటే మామూలు చోటు కాదు. ఐన్‌స్టీన్ బెర్లిన్‌లో ఉన్నాడు. హైజెన్‌బర్గ్ కొత్త క్వాంటం లెక్కలు వేసి మూడు నాలుగేళ్ళు కూడా కాలా. యోగా మీద, వేదాంతం మీద ఉపన్యాసాలిస్తే వినేవాళ్ళు అక్కడ బోలెడుమంది ఉన్నారు. ఆ దారిలో పోతే హాయిగా గడిచిపోయేది, శిష్యులు, భోజనాలు, కానుకలు అన్నీ ఉండేవి. ఈయన డ్రెస్డెన్‌లో గణితం, భౌతికశాస్త్రం చదవటానికి కూచున్నాడు. సాపేక్ష సిద్ధాంతం అసలేందో అర్థం చేసుకోవాలంటే గణితం లేకుండా కుదరదని తెలుసుకున్నాడు. తన వయసులో సగం ఉన్న పిల్లల పక్కన బెంచీ మీద కూచోటానికి కాషాయం అడ్డం రాలా. మన ఊళ్ళల్లో నలభై దాటినోడికి ఓటరు కార్డులో తప్పు దిద్దించుకోమంటేనే, ఇప్పుడు నాకెందుకులే అంటాడు.

అక్కడి నుంచి ప్రాగ్ నగరం. చార్లెస్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ వాత్స్లావ్ డొలెయ్‌షెక్ దగ్గర ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ నేర్చుకుని డాక్టరేట్ తీసుకున్నాడు. పేరు పెద్దదిగాని పని తేలిగ్గానే చెప్పొచ్చు. ప్రతి మూలకం తనదైన కొలతల్లో ఎక్స్‌రేలు విడుస్తది. వేలిముద్రలాగా. ఆ ముద్ర చూసి ఇది ఇనుము, ఇది రాగి, ఇది యురేనియం అని చెప్పొచ్చు. స్వామి నేర్చుకున్నది వేలిముద్రలు చదవటం. ఆ గురువు గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. హిట్లర్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించినాక డొలెయ్‌షెక్ ప్రతిఘటనలో నిలబడ్డాడు, 1945లో తెరెజిన్ జైల్లో చనిపోయాడు. మన స్వామికి ప్రయోగం నేర్పినాయన అట్టాంటి మనిషి. మెసేజ్‌లు తయారుచేసే వాళ్ళకు ఈ పేరు ఎప్పుడూ తట్టదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన ఇంగ్లండులో, లివర్‌పూల్ యూనివర్సిటీలో ఉన్నాడు. అక్కడ ఫిజిక్స్ పెద్ద జేమ్స్ చాడ్విక్. 1932లో న్యూట్రాన్‌ని కనిపెట్టినాయన. ఈ న్యూట్రానే యురేనియం కేంద్రకాన్ని రెండు ముక్కలు చేసే ఉలి. చాడ్విక్ 1943 నాటికి అమెరికా పోయి బాంబు పనిలో బ్రిటిష్ బృందానికి నాయకుడయ్యాడు. జ్ఞానానంద పేరు మీద ఉన్న పని అది కాదు. ఆయన పని బీటా కిరణాలు. దానికే లివర్‌పూల్ ఆయనకి రెండో డాక్టరేట్ ఇచ్చింది.

ఈ బీటా కిరణాల సంగతి కొంచెం ఓపికగా చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది. రేడియోధార్మిక పదార్థం అంటే లోపల నిలకడ లేని అణువులు. అవి ఎప్పుడో ఒకప్పుడు సర్దుకుంటయ్. సర్దుకునేటప్పుడు కొన్ని అణువుల కేంద్రకంలోంచి ఎలక్ట్రాన్ ఒకటి విసురుగా బయటికొస్తది. అదే బీటా కిరణం. ఎంత విసురుగా వచ్చిందో కొలిస్తే లోపల ఉన్నదేందో తెలుస్తది. కొలిచేది ఎట్టా? మన ఆడోళ్ళు చేటతో చెరిగినట్టే. చెరిగితే పొట్టు ఒక పక్కకి, గింజ ఒక పక్కకి పోద్ది గదా. ఎలక్ట్రాన్లని అయస్కాంతం మధ్యలోంచి పంపిస్తే నిదానంగా వచ్చింది బాగా వంగుద్ది, వేగంగా వచ్చింది కొంచెమే వంగుద్ది. ఎక్కడ పడిందో చూసి వేగం లెక్క కడతారు. అయితే ఆ దారిలో గాలి ఉండకూడదు. గాలి కణాలకు తగిలితే లెక్క చెడిపోద్ది. మా మెట్టలో రైతులకు ఇది చెప్పక్కర్లేదు. ఫుట్‌వాల్వ్ దగ్గర వెంట్రుకంత సందున్నా మోటారు గాలి పీల్చి నీళ్ళెక్కవు. అంతకంటే లక్షల రెట్లు గట్టిగా గాలి తీసేయాలి. యుద్ధం అయినాక ఆయన అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో పనిచేశాడు. 1947లో ఆయన రాసిన పుస్తకం హై వాక్యువా అమెరికాలోనే అచ్చయింది. గొట్టంలోంచి గాలి పూర్తిగా తీసేయటం ఎట్టా అన్నదే దాని విషయం. హిమాలయాల స్వామి రాసిన పుస్తకం పంపుల గురించి, గొట్టాల గురించి, సందుల గురించి. నాకు ఈ సంగతి తెలిసిన రోజు నవ్వొచ్చింది, గౌరవమూ పెరిగింది.

స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో దేశానికి తిరిగొచ్చాడు. కొన్నేళ్ళు ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పనిచేశాడు. సరిగ్గా ఆ ఏళ్ళల్లోనే మన దేశంలో అణువు చుట్టూ గోడ లేచింది. ఆ గోడ సంగతి చెప్పకపోతే ఈయన వాల్తేరు రావటం ఎంత పెద్ద విషయమో అర్థం కాదు.

1948 ఏప్రిల్‌లో రాజ్యాంగ సభ, చట్టసభగా కూచున్నప్పుడు, అణుశక్తి బిల్లు వచ్చింది. పెట్టింది నెహ్రూ, వెనకున్న మెదడు హోమీ భాభా. మైసూరు వైపు నుంచి వచ్చిన ఎస్.వి.కృష్ణమూర్తి రావు అనే సభ్యుడు లేచి ఒక ప్రశ్న వేశాడు. ఇంగ్లండు చట్టంలో కూడా రహస్యం అనేది రక్షణ పనుల వరకే ఉందే, మన బిల్లులో మామూలు పరిశోధనకీ రహస్యం ఎందుకని. శాంతి పని ఎక్కడ ఆగుద్దో, యుద్ధపు పని ఎక్కడ మొదలవుద్దో విడదీయటం కష్టమని నెహ్రూ ఒప్పుకున్నాడు. బిల్లు మాత్రం పాసయింది. అదే ఏడాది అణుశక్తి సంఘం ఏర్పడింది, భాభా ఛైర్మన్. 1954 ఆగస్టులో అణుశక్తి శాఖ పుట్టింది, నేరుగా ప్రధానమంత్రి కింద. భాభా గొప్ప శాస్త్రవేత్త, దాంట్లో రెండో మాట లేదు. కానీ డబ్బు, మనుషులు, సమాచారం అన్నీ బొంబాయిలో ఒక్కచోటికి చేరినయ్.

దీన్ని గట్టిగా ఎదిరించింది మేఘనాథ్ సాహా. ఢాకా దగ్గర పల్లెలో చిన్న దుకాణదారు కొడుకు. నక్షత్రాల వెలుగు మీద ఆయన కట్టిన సమీకరణం ప్రపంచమంతా చదువుతారు. 1952లో కలకత్తా నుంచి ఇండిపెండెంట్‌గా లోక్‌సభకి గెలిచాడు. 1954 మే 10న అణుశక్తి మీద సభలో చర్చ జరిగితే, ఈ రహస్యపు చట్టం పక్కన పెట్టండి, యూనివర్సిటీలను లోపలికి తీసుకోండి, ముందు మనుషుల్ని తయారుచేయండి అనే వాదన గట్టిగా పెట్టాడు. గెలవలా. రెండేళ్ళకే, 1956 ఫిబ్రవరిలో, ఢిల్లీలో ప్రణాళికా సంఘం ఆఫీసుకి నడిచిపోతా గుండె ఆగి పడిపోయాడు.

అదే 1954లో ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ వి.ఎస్.కృష్ణ పిలిస్తే జ్ఞానానంద వాల్తేరు వచ్చాడు. వయసు యాభై ఎనిమిదికి దగ్గర. మిగతావాళ్ళు పెన్షన్ కాగితాలు చూసుకునే వయసు. అప్పటికి ఆంధ్రా యూనివర్సిటీ ఫిజిక్స్‌కి మంచి పేరే ఉంది. మా పక్కనే ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం అక్కడే ఎదిగి, ఆ తర్వాత బెంగుళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టర్ అయ్యాడు. (ఆగిరిపల్లి అంటే మనోళ్ళకు తిరనాళ్ళే గుర్తుకొస్తయ్, ఆయన గుర్తుకురాడు. పోనీలెండి.) అయితే అణు భౌతికశాస్త్రం అనేది ప్రత్యేకంగా లేదు. దాన్ని స్వామి పునాది నుంచి లేపాడు. 1956లో అది ప్రత్యేక శాఖ అయింది. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి దగ్గర ట్రాంబేలో మన మొదటి రియాక్టర్ అప్సర నడవటం మొదలెట్టింది. అక్కడేమో కాపలా, గేటు, పాసు. వాల్తేరులో గోదావరి, కృష్ణా, శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చిన పిల్లలు పరికరాల ముందు కూచుని అణువుల వేలిముద్రలు చదవటం నేర్చుకుంటున్నారు. సాహా అడిగిన పనిలో చిన్న ముక్క ఒకటి, ఏ ప్రకటనా లేకుండా, మన సముద్రం ఒడ్డున జరిగింది. ఇద్దరూ మాట్లాడుకుని చేశారని నేను అనట్లా. పని మాత్రం ఒకే వైపు నడిచింది.

ఆయన వేదాంతం ఆయనకుంది. కాషాయం తీసేయలా. విజ్ఞానం, ఆధ్యాత్మికం రెండూ చివరికి ఒకటేనని నమ్మినాయన. ఆ నమ్మకంలో నేను భాగస్వామిని కాను. కానీ డాక్టరేట్ కోసం ప్రాగ్‌లో పెట్టిన కాగితాల్లో, లివర్‌పూల్‌లో పెట్టిన కాగితాల్లో ఉన్నది కొలతలు. ఒక కేంద్రకం ఎంత శక్తితో ఎలక్ట్రాన్‌ని విసిరిందో చెప్పటానికి యోగదృష్టి పనికొస్తదని ఆయన అనుకునుంటే అయస్కాంతాలతో, పంపులతో అన్నేళ్ళు కుస్తీ పట్టాల్సిన పని లేదు. ఆయన్ని పట్టుకొచ్చి మహిమల బొమ్మ చేస్తే అది ఆయనకి జరిగే అవమానం.

1965లో రిటైరయ్యాడు. 1969 సెప్టెంబర్ 21న చనిపోయాడు. సరిగ్గా ఆ తర్వాతి నెలలో, అక్టోబర్ 28న, తారాపూర్‌లో మన దేశపు మొదటి అణు విద్యుత్ కేంద్రం కరెంటు అమ్మటం మొదలెట్టింది. ఆయన చూడలా.

చూసి ఉంటే ఏమనేవాడో మనం ఊహించొద్దు. చచ్చిపోయినోళ్ళ నోట్లో మన మాట పెట్టటం అందరూ చేసే పనే, నేను చెయ్యను. కానీ ఆయన పోయినాక తెలుగునాట అణువు గురించి జరిగిన గొడవలన్నిట్లో ఆయన నేర్పిన పని ఎక్కడుందో చూద్దాం.

1980ల చివర్లో నాగార్జునసాగర్ దగ్గర అణు విద్యుత్ కేంద్రం అనే ఆలోచన వచ్చింది. ప్రొఫెసర్లు, జనం కలిసి వద్దన్నారు. అది ఆగింది. 2000 దాటినాక అదే సాగర్ జలాశయం అంచున, నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం గనులన్నారు. 2003లో ప్రజాభిప్రాయ సేకరణలో జనం తిరగబడ్డారు. అదీ ముందుకు పోలా. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట రైతుకి ఇవి ఎక్కడో దూరపు ఊసులు కావు. మన పొలాలకు వచ్చేది సాగర్ ఎడమ కాలవ నీళ్ళే. ఆ జలాశయం ఒడ్డున ఏం తవ్వినా, ఏం కట్టినా అది మన చేలోకి వచ్చే సంగతి. మన మండలాల్లో ఎన్ని ఊళ్ళకు ఆ గొడవ అప్పట్లో తెలుసు? నందిగామ సంతలో అడిగి చూడండి.

తర్వాత కడప జిల్లా తుమ్మలపల్లె. అక్కడ ఆగలా. 2012 నుంచి యురేనియం ఖనిజం తీసి శుద్ధి చేస్తా ఉన్నారు. ఆ రాయిలో యురేనియం ఎంత తక్కువంటే, వెయ్యి కిలోలు తవ్వితే అర కిలో కూడా రాదు. మిగతాదంతా పిండి చేసిన బురద. యురేనియం తీసేసినా దాంతోపాటు ఉండే రేడియం లాంటివి ఆ బురదలోనే ఉంటయ్. దాన్ని చెరువు కట్టి నిలవేస్తారు. చుట్టుపక్కల రైతులు బోరునీళ్ళు చెడినయ్, అరటి తోటలు పోయినయ్ అంటారు. కంపెనీ వాళ్ళు అంతా హద్దులోనే ఉందంటారు. ఈ హద్దు అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తాగే నీళ్ళలో యురేనియం లీటరుకి 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టుకున్న హద్దు 60. అంటే 45 ఉన్న బోరు ఒక లెక్కన చెడిపోయింది, ఇంకో లెక్కన బాగానే ఉంది. ఇద్దరూ అబద్ధం చెప్పకుండానే రైతు మోసపోవచ్చు. ఏ హద్దు ప్రకారం అని ఒక్క ప్రశ్న అడగటం వస్తే మాట అక్కడికక్కడే తేలిపోద్ది.

ఇక కొవ్వాడ. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం, సముద్రం ఒడ్డు, మత్స్యకారుల ఊళ్ళు. 2009లో చోటు ఖాయం చేశారు. ముందు ఒక విదేశీ కంపెనీ పేరు, తర్వాత వెస్టింగ్‌హౌస్. ఆరు రియాక్టర్లు, ఒక్కోటి 1208 మెగావాట్లు. ఆ వెస్టింగ్‌హౌస్ 2017లో దివాలా పిటిషన్ వేసింది, తర్వాత చేతులు మారింది. ఇంతవరకూ ఒక్క రియాక్టర్‌కి పునాది పడలా. భూములిచ్చిన వాళ్ళ పిల్లలు పెళ్ళీడుకొచ్చారు.

ఇంతకీ మా సెంటర్లో మాట్లాడుకునే ఆ రెండు మాటల్లో ఏది నిజం? రెండూ సగం సగమే. రియాక్టర్ అంటే నీళ్ళు కాచే పొయ్యి. మా పక్క మండలంలో బొగ్గు మండించి నీళ్ళు ఆవిరి చేసి టర్బైన్ తిప్పుతారే, అదే పని. కట్టె ఒక్కటే మారింది. ఒక గ్రాము యురేనియం-235 పూర్తిగా చీలితే వచ్చే వేడి దాదాపు మూడు టన్నుల బొగ్గు వేడికి సమానం. పొయ్యిలోంచి పొగ రాదు, బొగ్గు బూడిద రాదు. ఇళ్ళ మీద బూడిద రాలటం అంటే ఏందో తెలిసిన మాలాంటోళ్ళకు అది చిన్న విషయం కాదు, కొట్టిపారేయను. రియాక్టర్ బాంబులాగా పేలదు, అందులో వాడే యురేనియం అంత శుద్ధి చేసింది కాదు. కానీ ఆపేసినాక కూడా లోపల వేడి పుడతానే ఉంటది, చల్లార్చే నీళ్ళు ఆగితే కట్టెలే కరిగిపోతయ్. 2011లో ఫుకుషిమాలో జరిగింది అదే, సునామీకి కరెంటు పోయి, పంపులాగి, హైడ్రోజన్ పేలి. 1986లో చెర్నోబిల్ ఇంకా ఘోరం. అప్పుడు బయటపడ్డ వాటిలో అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుద్ది. సీజియం-137 సగం కావటానికి 30 ఏళ్ళు. పాలల్లో, చేపల్లో, మట్టిలో ఏది ఎంతుందో కంటితో, ముక్కుతో తెలవదు. దాన్ని పట్టుకునేది స్వామి నేర్పిన ఆ వేలిముద్రల విద్య ఒక్కటే.

నేనిప్పుడు కొవ్వాడ కావాలా వద్దా అని ఓటేయమని అడగట్లా. నా ఓటు అడిగితే, ఈ పద్ధతిలో వద్దు. పద్ధతి అని ఎందుకంటున్నానంటే, నియంత్రణ మండలి అనేది 1983లో పుట్టినప్పటి నుంచీ తను అదుపులో పెట్టాల్సిన అణుశక్తి సంఘానికే జవాబు చెప్పుకుంటా వచ్చింది. దొంగని పట్టే పోలీసు జీతం దొంగ సంతకంతో వస్తే ఎట్టా ఉంటదో ఆలోచించండి. (దొంగ అంటే సామెతకే లెండి.) 2012లో కాగ్ కూడా ఆ మండలికి స్వతంత్రత లేదని రిపోర్టులో తేల్చింది. దాన్ని మారుస్తామని 2011లో తెచ్చిన బిల్లు పాసు కాకుండానే పోయింది. పర్యావరణ నివేదిక వస్తే వందల పేజీలు ఇంగ్లీషులో ఉంటది, తెలుగులో సారాంశం మాత్రం పంచాయతీకి వస్తది. ఆ సారాంశంలో మీ బోరులో ఇప్పుడెంత ఉంది అన్న అంకె ఎవరూ వెతుక్కోలేరు.

నాకు కావాల్సింది ఆ అంకె. పునాది పడకముందే కావాలి. కొవ్వాడ ఇసకలో, బావుల్లో, చేపల్లో ఈరోజు ఎంత రేడియేషన్ ఉందో కొలవాలి. అది సున్నా ఉండదు. భీమిలి నుంచి పైకి ఆ తీరమంతా ఇసకలో మోనజైట్ ఉంది, దాంట్లో థోరియం సహజంగానే ఉంటది. సరిగ్గా అందుకే ముందు కొలత కావాలి. రేపు ఇరవై ఏళ్ళకు ఎవరన్నా ఇక్కడ రేడియేషన్ పెరిగిందంటే, అది ఎప్పటి నుంచో ఉన్న ఇసకదే అని అధికారులు చేతులు దులుపుకోవటానికి వీల్లేకుండా. అట్టాగే ఏమీ పెరగకపోయినా పెరిగిందని ఎవరన్నా పుకారు లేపితే దానికీ జవాబు ఉండేట్టు. కొలిచేది కంపెనీ కాకూడదు. కొలిచింది తెలుగులో, తేదీ వేసి, పరికరం పేరు రాసి పంచాయతీ గోడకి అంటించాలి. తుమ్మలపల్లెలో గని తవ్వకముందు ఊరూరా బోరు నీళ్ళ అంకెలు అట్టా గోడ మీద ఉండుంటే, ఈరోజు రైతు మాటకీ కంపెనీ మాటకీ మధ్య న్యాయం చెప్పటానికి ఇంత తంటా ఉండేది కాదు.

రహస్యం, దేశభద్రత అంటారు. 1962లో వచ్చిన అణుశక్తి చట్టంలో సమాచారం బయటికి రాకుండా ఆపటానికి ఒక సెక్షనే ఉండేది, పద్దెనిమిదోది. ప్లాంటు డిజైన్ దాచుకోండి, ఎవరడిగారు? ఊరి బావిలో నీళ్ళు దేశ రహస్యం ఎట్టా అవుతయ్? 1948లో కృష్ణమూర్తి రావు అడిగిన ప్రశ్నకీ దీనికీ తేడా ఏమీ లేదు. డెబ్భై ఏళ్ళు దాటింది, జవాబు ఇంకా రాలా. ఇప్పుడు ప్రైవేటు కంపెనీలకు కూడా అణు విద్యుత్‌లో తలుపులు తీస్తా ఉన్నారు. రహస్యం సర్కారు చేతిలోంచి వ్యాపారి చేతిలోకి పోతే ఇంకేం అడగ్గలం.

వాల్తేరు కొండ మీద ఆ ప్రయోగశాల ఇంకా ఉంది. రణస్థలం దగ్గర హైవే ఎక్కితే పూట తిరక్కుండానే విశాఖలో దిగొచ్చు. కొవ్వాడ బావి నీళ్ళు ఒక సీసాలో, గుప్పెడు ఇసక ఒక కవర్లో పట్టుకుని, పంచాయతీ తీర్మానం కాగితం జేబులో పెట్టుకుని ఆ గేటు దగ్గరికి పోతే లోపలికి రానిస్తారా లేదా అనేది సర్పంచులు అడిగి తెలుసుకోవాల్సిన సంగతి. తీర్మానం ఎట్టా రాయాలో తెలవకపోతే నేను రాసిస్తా, నాకు ఆ పని అలవాటే.